డిశ్చార్జి రాశాక మిగిలే పని
హుజూర్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం



ఈ సభ ఏ నర్సు జ్ఞాపకార్థమో ఆ సిస్టర్ గారి పేరు ఆహ్వానపత్రం మీద ఎందుకు లేదని వచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు అడిగారు. కుటుంబం వద్దన్నది. ఆమె పేరు, ఆమె పనిచేసిన ఆసుపత్రి పేరు చెబితే ఈ చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని ఇళ్ల పేర్లు కూడా చెప్పినట్టే అవుతుంది. ఆమె చేతుల మీదుగా తిరిగొచ్చినవాళ్లు, తిరిగి రాలేకపోయినవాళ్లు ఇక్కడివాళ్లే కొందరున్నారు. బతికున్నన్నాళ్లు ఆమె తన వార్డులో ఎవరున్నారో బయట ఒక్క పేరు పలకలేదు. పెళ్లిలోనో, బస్టాండులోనో పాత రోగి ఎదురైతే ముందుగా ఆమె పలకరించేది కాదు. వాళ్లు పలకరిస్తేనే పలికేది. అందుకని ఈ పూట నేను కూడా సిస్టర్ గారనే అంటాను.

నేను ఆమె దగ్గర పని నేర్చుకున్నదాన్ని. తరువాత చాలా ఏళ్లు నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ఏ బ్యాచినడిగినా పిల్లలు ఐసీయూ కావాలంటారు, ఆపరేషన్ థియేటర్ కావాలంటారు. తప్పు లేదు. అక్కడ నర్సు చేసిన పనికి ఫలితం గంటల్లో కనిపిస్తుంది. ఈ రోజు నేను మాట్లాడేది ఫలితం గంటల్లో, నెలల్లో కూడా కనిపించని చోటు గురించి. రోగి వచ్చాక ఏళ్లు గడుస్తాయి. డాక్టర్లు బదిలీ మీద వస్తారు, పోతారు. రోగులుంటారు, సిస్టర్లుంటారు. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే, అదే చెప్పడానికి వచ్చాను. దీర్ఘకాల వార్డులో మందు పని కొంతదూరం పోయి ఆగుతుంది. ఆ తరువాత మనిషిని మనిషిగా నిలబెట్టేది నర్సు చేసే పని. ఆ పనికి కేసు షీటులో గడి లేదు, జీతం లెక్కలో చోటు లేదు, పోస్టుల లెక్కలో అసలే లేదు.

తెలుగునేల మీద ఇలాంటి ఆసుపత్రులు మూడు జబ్బుల చుట్టూ పుట్టాయి. కుష్టు, క్షయ, మానసిక వ్యాధి. మొదటి రెండింటికీ పెద్ద ఆసుపత్రులు ఒకే ఏడాది, 1915లో తలుపులు తెరిచాయి. నిజాం రాజ్యంలో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్టు ఆసుపత్రి, మద్రాసు ప్రెసిడెన్సీలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం.

డిచ్‌పల్లిని నిలబెట్టింది స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్. నిజామాబాద్ దాత రాజా నర్సా గౌడ్ డబ్బిచ్చారు. ఇసబెల్ 1932లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆ రోజుల్లో కుష్టుకు చాల్‌ముగ్రా జాతి నూనెలు ఇంజెక్షనుగా ఇచ్చేవాళ్లు. చిక్కటి నూనె, లావు సూది, పొడిచిన చోట వాపు. వారం వారం అదే. ఆ నొప్పి భరించి మళ్లీ వచ్చే వారం రోగి తనంతట తానొచ్చి చెయ్యి చాచాలంటే ఇచ్చేవాళ్ల మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. తరువాత డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్స చేయమన్నది. జబ్బు నెలల్లో నయమయ్యే స్థితికొచ్చింది. 2005 డిసెంబరు నాటికి ప్రజారోగ్య సమస్యగా కుష్టు తొలగిపోయిందని మన దేశం ప్రకటించుకుంది.

క్రిమి చచ్చింది కానీ చేతులకు, కాళ్లకు పోయిన స్పర్శ తిరిగి రాలేదు. కుష్టు వార్డులో పొద్దున్నే నర్సు చేసే మొదటి పని రోగుల అరచేతులు చూడటం. రాత్రి వేడి టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కాలింది వాళ్లకు తెలియదు, బొబ్బ చూస్తే నర్సుకే తెలుస్తుంది. తరువాత పాదాలు. నీళ్లలో నానబెట్టాలి, కాయకట్టిన చర్మం రాయితో నెమ్మదిగా అరగదీయాలి, తడి ఆరకముందే నూనె రాయాలి, చెప్పులో మేకు తేలిందేమో వేలితో తడిమి చూడాలి. మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకునే అలవాటు చేయించాలి. అవి వేసుకుంటే ఊరంతా గుర్తుపడతారని రోగి వాటిని సంచిలో పెట్టుకొని వట్టికాళ్లతో ఇంటికి పోతాడు. మళ్లీ పుండుతో వస్తాడు. మళ్లీ నానబెట్టడం, మళ్లీ నూనె. ఈ పనికి ముగింపు లేదు. ఆపితే మాత్రం వేలు పోవచ్చు.

రోగులు బయట పడిన అవమానం చట్టంలో కూడా ఉండేది. హిందూ వివాహ చట్టం కింద కుష్టు ఉందని విడాకులు అడగవచ్చన్న నిబంధన 2019 దాకా కొనసాగింది. అంటే పూర్తిగా నయమయ్యే మందు చేతికొచ్చి ముప్పై ఐదేళ్లు దాటిన తరువాత తీసేశారు! ఈ మధ్య కాలమంతా ఇల్లు లేనివాళ్లకు ఇల్లయినవి ఆసుపత్రులూ పునరావాస కేంద్రాలే. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణీ కుముదినీ దేవి 1958లో మొదలుపెట్టిన శివానంద రిహాబిలిటేషన్ హోమ్ అలాంటిదే. ఆమె తరువాత హైదరాబాద్ మేయర్ అయ్యారు. గొప్పింటి ఆవిడ కుష్టురోగుల మధ్యకు పోవడాన్ని జనం వింతగా చెప్పుకున్నారు. నర్సులు రోజూ పోవడాన్ని ఎవరూ చెప్పుకోలేదు. కుష్టు ఆసుపత్రిలో పనిచేస్తుందని తెలిసి పెళ్లి సంబంధాలు వెనక్కి పోయిన ఆడపిల్లలు నాకు తెలుసు.

క్షయ కథ వేరు. ఆరోగ్యవరంలో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ కాలంలో చికిత్స అంటే గాలి, విశ్రాంతి, మంచి తిండి, నెలల తరబడి మంచం. మన హైదరాబాద్ వైపు వికారాబాద్ అనంతగిరి కొండమీద శానటోరియం, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి అలాంటివే. మందు లేని రోజుల్లో థర్మామీటరు, కఫం గిన్నె, రోగి బరువు, ఈ మూడే రోజువారీ సమాచారం. మూడూ నర్సు చేతిలోవే. సాయంత్రం జ్వరం అరడిగ్రీ తగ్గితే రోగితో చెప్పాలా, రేపటిదాకా ఆగాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియజిడ్ వచ్చాక 1956లో మద్రాసులో ఒక అధ్యయనం మొదలైంది. పేద ఇరుకిళ్లలో ఉండి మందులు వేసుకున్నవాళ్లు, శానటోరియంలో మంచం మీద ఉండి వేసుకున్నవాళ్లు దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తేల్చారు. ఇంట్లో వాళ్లకు అదనంగా అంటుకోలేదని కూడా తేలింది. ప్రపంచమంతటా శానటోరియంల అవసరం తగ్గడానికి మన పక్కనే జరిగిన ఆ పని ఒక పెద్ద కారణం.

అలా రెండు జబ్బుల వార్డులు ఖాళీ అయ్యాయి, లేదా వేరే పనికి మారాయి. మూడోది కాలేదు.

మానసిక వైద్యశాల చరిత్ర మన ప్రాంతానికి జాల్నా నుంచి మొదలవుతుంది. నిజాం రాజ్యంలో అక్కడున్న ఆసుపత్రి 1953లో హైదరాబాద్ ఎర్రగడ్డకు వచ్చింది. సరిగ్గా ఆ దశకంలోనే లార్గాక్టిల్ అని మేమందరం పిలిచే క్లోర్‌ప్రోమజిన్ ప్రపంచమంతా పాకింది. కట్టేసి ఉంచాల్సినవాళ్లు మంచం మీద కూర్చొని అన్నం తినడం మొదలుపెట్టారు. మందు వచ్చింది, చట్టం మాత్రం 1912 నాటిదే నడిచింది. అది రోగిని పోలీసు తెచ్చే, మేజిస్ట్రేటు లోపలికి పంపే మనిషిగా చూసింది. 1987లో కొత్త చట్టం చేశారు, అమలుకొచ్చేసరికి 1993 అయింది. ఇప్పుడున్నది 2017 చట్టం. రోగికి హక్కులున్నాయని గట్టిగా చెప్పిన మొదటి చట్టం ఇది. మధ్యలో 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచి 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టి ఉన్నారు కాబట్టి పరిగెత్తలేకపోయారు. చికిత్స అనే పేరు పెట్టి, చూసే నర్సు లేని చోట ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు సిస్టర్ గారి వార్డుకు, మానసిక ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డుకు వస్తాను. పొద్దున ఏడుముప్పావుకు నైట్ డ్యూటీ సిస్టర్ డ్యూటీ అప్పగిస్తుంది. ముందు మనుషుల లెక్క. తరువాత తాళాల లెక్క, స్పూన్ల లెక్క, గోళ్ల కత్తెర లెక్క. లెక్క కుదిరితేనే చేతులు మారతాయి. చాలాచోట్ల లెక్కంటే ద్వారం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టడం. సిస్టర్ గారు మంచం మంచానికీ పోయి పేరు పెట్టి పిలిచేవారు. ఇదెందుకు, టైమెక్కువ పడుతుంది కదా అని నేనడిగాను. పేరు పెట్టి పిలిస్తే ఎట్లా పలుకుతుందో వినొచ్చు అన్నారు. నిన్న గట్టిగా పలికినామె ఇవాళ సన్నగా పలికితే ఏదో ఉందన్నమాట. రాత్రి నిద్రపోయిందా, మాటలు వినబడుతున్నాయా, మలబద్ధకమా, ఎవరైనా కొట్టారా. సగం రోగనిర్ధారణ ఆ పలకరింపులోనే అయిపోయేది.

తరువాత మందుల ట్రాలీ. మాత్ర చేతికిచ్చి పోతే కుదరదు. నీళ్లు తాగాక నోరు తెరవమనాలి, నాలుక ఎత్తమనాలి, దవడ పక్కన చూడాలి. దొంగను సోదా చేసినట్టు చేయవచ్చు. లేదా పక్కన కూర్చొని, నిన్న ఈ మాత్ర వేసుకుంటే మెడ పట్టేసిందన్నావు కదా, ఇవాళ ఎట్లుంది అని అడగవచ్చు. రెండో పద్ధతిలో దాచినవాళ్లు తామే తీసి చూపిస్తారు. క్లోజపిన్ వేసుకునేవాళ్లకు రాత్రంతా నోట్లోంచి చొంగ కారి దిండు తడుస్తుంది. సిగ్గుపడి చెప్పరు, దిండు తిరగేసి పడుకుంటారు. పొద్దున దిండు ముట్టి చూసే సిస్టరుకే అది తెలుస్తుంది. లిథియం వేసుకునేవాళ్ల సంగతి ఇక్కడివాళ్లకు ముఖ్యంగా చెప్పాలి. మన ఉమ్మడి నల్లగొండ మే నెల ఎండల్లో చెమట పట్టి, నీళ్లు తక్కువ తాగితే అదే మోతాదు విషమవుతుంది. చెయ్యి వణుకుతుంది, నడక తూలుతుంది, విరేచనాలవుతాయి. వడదెబ్బ అనుకొని ఊరుకుంటారు. సిస్టర్ గారు ఎండాకాలం ఉప్పు వేసిన మజ్జిగ కుండ పెట్టించి, లిథియం వాళ్లు ఎన్ని గ్లాసులు తాగారో సున్నపు గీతలతో గోడ మీద రాయించేవారు. గోడ పాడవుతుందని పైనుంచి మాట పడ్డారు కూడా. గీతలు మాత్రం ఆపలేదు.

ఇంగ్లండులో రస్సెల్ బార్టన్ అనే మానసిక వైద్యుడు 1959లో ఒక పుస్తకం రాశాడు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో కనిపించే మందకొడితనం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వంగిపోయిన నడక, ఏదడిగినా సరేననడం, ఇదంతా జబ్బు ఒక్కదాని వల్లే కాదు, వార్డు వల్ల కూడా వస్తుందని చెప్పాడు. సొంత వస్తువులు లేకపోవడం, చేయడానికి పని లేకపోవడం, సిబ్బంది అజమాయిషీ, బయటి మనుషులు రాకపోవడం, మందు మత్తు, వార్డు వాతావరణం, రేపటి మీద ఆశ పోవడం కారణాలని లెక్కేశాడు. రెండేళ్లకు గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా నుంచి ఇంచుమించు ఇదే చెప్పాడు. సిస్టర్ గారు ఈ రెండు పుస్తకాలూ చూడలేదు. నేను బార్టన్ గురించి చెబితే ఆమె శ్రద్ధగా విని, మన వార్డులో దువ్వెనలు ఎన్నున్నాయి అని అడిగారు. వార్డుకంతా రెండే. ఆ వారమే మనిషికొక దువ్వెన, మనిషికొక తువాలు, తువాలు మూల మీద రంగుదారంతో గుర్తు. చదవడం రానివాళ్లకు కూడా తెలియాలని ఒకరికి చేప, ఒకరికి మామిడికాయ, ఒకరికి గాలిపటం కుట్టించారు. నెల తిరక్కుండా ఆడవాళ్లు తువాళ్లు ఉతికి వేరే వేరేగా ఆరేసుకోవడం మొదలుపెట్టారు. నా తువాలు తీసినవేందని తగువులు కూడా వచ్చాయి. సిస్టర్ గారికి ఆ తగువులు ఎంత సంతోషమో! ఏళ్లుగా దేనికీ నోరు మెదపనివాళ్లు నాది అంటున్నారని.

పేలు పట్టాయని జుట్టు కత్తిరించి గుండు కొట్టే అలవాటు మేం పనిచేసిన చోట ఉండేది. సిస్టర్ గారు దాన్ని ఎదిరించారు. మనుషులు తక్కువ, టైము లేదు అన్నారు పైవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం మేమే వేపనూనె పెట్టి, పేల దువ్వెనతో ఒక్కొక్కరికి తీసేవాళ్లం. బలవంతంగా గుండు కొట్టకూడదని, రోగికి ఇష్టమైతే సొంత బట్టలు కట్టుకోనివ్వాలని, చేయించుకున్న పనికి కూలి ఇవ్వాలని 2017 చట్టంలోని 20వ సెక్షన్ రాసింది. చట్టం చదివిన రోజు నాకు ఆ ఆదివారాలే గుర్తొచ్చాయి. పార్లమెంటు దాకా చేరడానికి ముందు ఇవన్నీ దేశంలో ఎన్నో వార్డుల్లో ఎందరో సిస్టర్లు జరిపిన చిన్న చిన్న పోట్లాటలు.

ఇప్పుడు మన ప్రాంతపు మనిషి ఒకామె సంగతి. ఆమె బంధువుల్లో ఇప్పుడున్నవాళ్లు అనుమతిచ్చారు కాబట్టి, గుర్తులు మార్చి చెబుతున్నాను. వార్డులో చాలా పాత రోగి. కేసు షీటులో ఒక పేరు, నల్లగొండ జిల్లా అనే రెండు మాటలు, మేజిస్ట్రేటు ఉత్తర్వు నంబరు. అంతే. ఊరేదంటే చెప్పేది కాదు. జొన్నచేలు, కందిచేలు, రేగడి బాట, మట్టపల్లి స్వామి కాడికి బండ్లు కట్టుకొని పోవడం, ఇవే మాటలు. ఎవరో మట్టపల్లి అన్న మాట పట్టుకొని, హుజూర్‌నగర్ దగ్గరి మనిషేమో అనుకొని కాలువ గురించి అడిగారు. మీ ఊరికి కాలువ ఉందా? లేదన్నది. వరి పండుతుందా? లేదన్నది. కాలువ లేని, వరి లేని ఊరు ఇటు ఎక్కడుంది? పొంతన లేని మాటలు అని షీటులో రాశారు.

సిస్టర్ గారు ఈ ప్రాంతపు ఆడబిడ్డ. ఆ రాత పాత పేజీల్లో చదివి లేచి నిలబడ్డారట. నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు పునాదిరాయి వేసింది 1955లో, ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఆ రోగి ఆసుపత్రికి వచ్చింది అంతకు ముందు. ఆమె చెప్పింది కాలువ రాకముందు హుజూర్‌నగర్. ఆమె తలలో ఉన్న ఊరు అక్షరాలా నిజమైన ఊరు. మారింది ఊరు, ఆమె కాదు. జబ్బు లక్షణమని రాసుకున్నది జ్ఞాపకం!

ఆ తరువాత సిస్టర్ గారు చేసిన పని ఏ డ్యూటీ చార్టులోనూ లేదు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ల పోస్టాఫీసులన్నిటికీ కార్డులు రాశారు. కాలువ రాకముందు తప్పిపోయిన ఆడమనిషి ఉన్న ఇల్లు మీ ఊళ్లో ఉందా అని. చాలా కార్డులకు జవాబు రాలేదు. ఒక పోస్ట్‌మాస్టర్ జవాబు రాశాడు. తమ్ముడొచ్చాడు. ఆమె అతన్ని గుర్తుపట్టలేదు. "మా తమ్ముడు గింతే ఉంటడు" అని చేత్తో నడుం ఎత్తు చూపించింది. అతను తల నెరిసిన మనిషి, అక్కడే కూలబడి ఏడ్చాడు. అయినా వెంటనే తీసుకుపోలేదు. "ఇంట్ల ఆడపిల్ల పెండ్లికున్నది సిస్టరమ్మా, గా కార్యం కానియ్యి" అన్నాడు. ఆ మాట విని నాకు కోపమొచ్చింది. సిస్టర్ గారు నన్ను పక్కకు పిలిచి, కోపం తెచ్చుకోకు, ఆ పిల్ల సంబంధం చెడితే ఇంట్లో ఈమెనెవరు చూస్తారు అన్నారు. అతను పెళ్లి చేసి మాట ప్రకారం వచ్చాడు. సిస్టర్ గారు సెలవు పెట్టుకొని బస్సులో ఆమెను వెంటపెట్టుకొచ్చి దింపి, రెండు రాత్రులు ఆ ఇంట్లోనే పడుకున్నారు.

ఆ రెండు రాత్రులూ సిస్టర్ గారు చూసింది ప్రతి నర్సింగ్ విద్యార్థి వినాలి. ఆరుగంటలకు ఆ అక్క గ్లాసు పట్టుకొని గుమ్మం దగ్గర నిలబడింది, ట్రాలీ వస్తుందని. గడప దాటి వాకిట్లోకి పోవడానికి మరదలిని పర్మిషన్ అడిగింది. రాత్రి ఎంతసేపటికీ నిద్రపోలేదు, లెక్క కాలేదని. సిస్టర్ గారు ఆ సంగతి ఇంట్లోని పిల్లలకు చెప్పారు. పిల్లలు పడుకునేముందు ఇంట్లోవాళ్లందరినీ పేరుపేరునా పిలవడం, అందరూ పలకడం ఆటగా మొదలుపెట్టారు. అత్తమ్మ పేరు వచ్చినప్పుడు ఆమె పలికి పక్కకు తిరిగి పడుకునేది. ఆమె చివరి ఏళ్లు ఆ ఇంట్లోనే గడిచాయి.

ఇది మంచిగా ముగిసిన కథ. ముగియనివే ఎక్కువ. అడ్రసు దొరకనివాళ్లు, దొరికినా తలుపు తెరుచుకోనివాళ్లు. ఆస్తి పంపకాలయ్యాయి, ఇప్పుడొస్తే వాటా అడుగుతుందని భయపడ్డ అన్నదమ్ములు. వేరే పెళ్లి చేసుకున్న భర్తలు. పులిచింతల ప్రాజెక్టు కింద మేళ్లచెరువు, మఠంపల్లి వైపు కొన్ని ఊళ్లే నీళ్లలోకి పోయాయి, ఆ ఊరి పేరు తప్ప ఏమీ చెప్పలేని రోగికి ఉత్తరం ఎటు రాయాలి? ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో, బయట వసతి లేదనో మనిషిని ఆసుపత్రిలో ఉంచకూడదని 2017 చట్టం 19వ సెక్షన్ చెబుతున్నది. నయమైనవాళ్లు మానసిక ఆసుపత్రుల్లోనే మగ్గడం మీద సుప్రీంకోర్టు కూడా 2017లో రాష్ట్రాలను నిలదీసింది. చట్టం చెప్పినంత మాత్రాన ఇల్లు మొలవదు. ఇటలీ 1978లో చట్టం చేసి పెద్ద పిచ్చాసుపత్రులను మూసుకుంటూ పోయింది. అది సాగినచోట అక్కడి నర్సులే వార్డులు వదిలి ఊళ్లలోకి, ఇళ్లలోకి పోయి పనిచేశారు కాబట్టి సాగింది. మనం గోడలు తీసేసి నర్సును గోడల్లోపలే ఉంచితే రోగి బస్టాండు పాలవుతాడు.

నర్సుల పక్షాన కూడా మాట్లాడకుండా ఈ ఉపన్యాసం ముగించలేను. ఈ వార్డుల్లో దెబ్బలు తింటాం. ముఖం మీద ఉమ్మి పడుతుంది. గాజులు పగిలి మణికట్టు కోసుకుపోతుంది, అందుకే సిస్టర్ గారు జీవితాంతం డ్యూటీలో గాజులు వేసుకోలేదు. ఇంటికెళ్తే, ఎక్కడ పని అని అడిగినవాళ్లు జవాబు విని నవ్వుతారు. ఆ నవ్వు మా పిల్లల బడిదాకా పోతుంది. రాత్రి పెద్ద వార్డుకు ఒక సిస్టర్, ఒక ఆయా ఉంటే, ఒకేసారి ఇద్దరికి ఫిట్స్ వస్తే ఎవరి దగ్గరికి పోవాలి? ఆ భయం చాలా ఏళ్లు ఉంటే మనిషి రాయి అవుతుంది. అరుస్తుంది, కొన్నిచోట్ల చెయ్యి కూడా చేసుకుంటుంది. దాన్ని నేను సమర్థించను. కట్టేయడం చివరి మార్గమని, ప్రతిసారీ రాసి పెట్టాలని, గొలుసు ఏ రూపంలోనూ ఉండకూడదని చట్టం చెప్పింది సరైనదే. మనుషుల్ని పెట్టకుండా ఆ చట్టాన్ని నర్సు ఒక్కదాని మెడకు కట్టడం న్యాయం కాదని మాత్రం గట్టిగా అంటాను. మానసిక నర్సింగ్‌లో ప్రత్యేక శిక్షణ బెంగళూరులో 1950ల్లోనే మొదలైంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ శిక్షణ పొందిన సిస్టరును తీసి ప్రసూతి వార్డులో వేస్తారు, ప్రసూతిలో ఆరితేరినామెను తెచ్చి ఇక్కడ వేస్తారు. కాంట్రాక్టు మీద వచ్చిన పిల్ల రోగుల పేర్లు నేర్చుకునేసరికి ఏడాది గడువు తీరిపోతుంది. పేర్లు తెలియడమే చికిత్స అయిన చోట ఇది మందు ఆపేయడంతో సమానం. ఇప్పుడు మమ్మల్ని నర్సింగ్ ఆఫీసర్లంటున్నారు. గౌరవంగానే ఉంది. వార్డుకు ఇంకొక మనిషిని ఇస్తే ఇంకా గౌరవంగా ఉంటుంది.

సిస్టర్ గారి పేరు మీద పోగైన నిధిని ఏం చేయాలని కమిటీవారు నన్నడిగారు. బంగారు పతకం వద్దు, ఏటా సభ కూడా చిన్నదిగా చాలు. మానసిక వ్యాధి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాల జాబితాలో ఉంది. ఏళ్ల తరవాత ఇంటికొచ్చిన మనిషికి వైకల్య ధ్రువపత్రం దొరికితే పింఛనుకు దారి దొరుకుతుంది. పింఛను వస్తే ఆ ఇంట్లో ఆమెకొక కంచం దానంతటదే దొరుకుతుంది, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. కానీ ఆ ధ్రువపత్రం కోసం పోవాలంటే ఆధార్ కావాలి, ఆధార్‌కు ఏదో ఒక కాగితం కావాలి, కాగితం కోసం తిరగడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోతుంది. నిధిలోంచి ముందు ఆ కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు ఇవ్వండి. నెలనెలా మందుకు పోయివచ్చే ఖర్చు ఇవ్వండి. మన దగ్గర నర్సింగ్ చదివే పిల్లల్లో ఇద్దరు ముగ్గురు నెలకోసారి ఆ ఇళ్లకు పోయి మాత్రలు లెక్కచూసి, కాళ్లు చేతులు చూసి, కాసేపు కూర్చొని వస్తామంటే వాళ్లకు ఎట్లా కూర్చోవాలో నేర్పడానికి నేను వస్తాను. ఎండాకాలం మజ్జిగ సంగతి మొదటి పాఠం. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు సభ అయ్యాక వేదిక పక్కన సిస్టర్ గారి కోడలి దగ్గర రాయించండి. ఇంట్లో అలాంటి మనిషి ఉండి, నలుగురిలో చెప్పుకోలేనివాళ్లు ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వచ్చి చెప్పినా సరే.